గ్రౌండ్లింగ్స్‌ని ‘నేల టికెట్టు’ అనొచ్చా?

లండన్‌లో థేమ్స్ దక్షిణపు ఒడ్డున, పార్క్ స్ట్రీట్‌లో, రోజ్ నాటకశాల ఉండిన చోటు చూసొచ్చాను. ఇక్కడి తెలుగు సంఘం పత్రికకి దాని మీద రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను.

1587లో ఫిలిప్ హెన్స్‌లో కట్టించిన శాల అది. 1989లో ఆఫీసు భవనం కోసం తవ్వుతుంటే పునాదులు బయటపడ్డాయి. పెగ్గీ యాష్‌క్రాఫ్ట్ లాంటి నటులు కూడా వీధికెక్కి గొడవ చేశారు. భవనం ఆగలేదు గానీ, పునాదుల మీద బరువు పడకుండా దూలాల మీద లేపి కట్టారు. అందుకే అదిప్పుడు ఆఫీసు అడుగున ఓ చీకటి గది. తీరా వెళ్తే పునాదులు కంటికి కనబడవు! ఎండి బీటలు వారకుండా పైన ఇసుక, కాంక్రీటు కప్పి నీళ్లు నిలిపారు. వేదిక ఎంతమేరో చూపిస్తూ ఎర్ర దీపాల వరస, అంతే.

ఒక పెన్నీ ఇచ్చినవాళ్లు కప్పులేని నడిమి వాకిట్లో నిలబడి చూసేవారు. ఇంకో పెన్నీ పెడితే చుట్టూ ఉన్న అంతస్తుల్లోకి వెళ్లొచ్చు. ఆ వాకిలి జనాన్నే షేక్స్‌పియర్ హామ్లెట్ నాటకం (3వ అంకం, 2వ రంగం) గ్రౌండ్లింగ్స్ అంటుంది. ‘సామాన్య ప్రేక్షకులు’ అంటే చప్పగా ఉంది. ‘నేల టికెట్టు’ నప్పుతుందా?

జవాబు: నప్పడమేమిటండీ, అచ్చంగా అదే! నేల, బెంచి, కుర్చీ. మా ఊరి టూరింగు టాకీసులో ఇవే తరగతులు. ఈలలన్నీ నేల నుంచే. హామ్లెట్ విసుక్కున్నదీ ఆ సంగతే కదా, నేలవాళ్ల చెవులు చిల్లులు పడేలా అరిచే నటుల మీద.

జవాబు: ఒక్క పేచీ. మనవాళ్లు కూర్చునేవారు. ముందువాడి తల అడ్డమొస్తే ఇసుక పోగేసుకుని దాని మీద మరీ కూర్చునేవారు. ‘నేల టికెట్టు’ అనగానే బాసింపట్టు వేసిన మనిషే కళ్లముందు కొస్తాడు. పైగా ఇప్పుడా మాటలో చులకన ఉంది.

అడిగినవారు: చులకన ఇంగ్లిష్ మాటలోనూ ఉందండీ, నీటి అడుగున నేలనంటి తిరిగే చిన్న చేపల పేరది. రాకుమారుడైన హామ్లెట్ నోట మరోలా వస్తుందా! నిలబడ్డం సంగతి మాత్రం ఒప్పుకోవాల్సిందే. వెనకవాళ్లకీ కనబడాలనేమో, రోజ్‌లో మొదట వేసిన నేల వేదిక వైపు వాలుగా ఉండేదట. గడ్డి కప్పు చూరు నీళ్లు పడి పడి ఆ నేల మీద గాడి పడింది. తర్వాత వేసిన నేలలో బూడిద, చిట్టెంతో పాటు హేజెల్‌నట్ పెంకులు. జనం కొరికి ఉమ్మినవి అనిపిస్తుంది గానీ, సబ్బుల తయారీలో మిగిలిన చెత్తని తెచ్చి దిమ్మిస కొట్టారని పరిశోధకుల మాట.

జవాబు: ‘నేలబారు జనం’ అంటే?

జవాబు: వద్దండీ బాబూ, తిట్టినట్టుంటుంది. ‘నేల ఈనినట్టు జనం’ అని వేరే చోట వాడుకోండి.

జవాబు: మా దిక్కు గేటు కాడ ‘నేలకు రెండియ్యి’ అనేటోళ్లు. టికెట్టు అన్న మాటనే రాకపోయేది. అసలు రోజ్‌లో టికెట్టు ఉండెనా సార్?

అడిగినవారు: లేదండీ, మంచి మాట పట్టుకున్నారు. గుమ్మం దగ్గర మనిషి మట్టి హుండీ పట్టుకుని నిలబడేవాడు, పెన్నీ అందులో వేసి లోపలికి పోవడమే. ఆట అయ్యాక హుండీ పగలగొట్టి లెక్క చూసుకునేవారు. ఆ పెంకులు తవ్వకాల్లో దొరికాయి.

జవాబు: మరింకేం, టికెట్టు తీసెయ్యండి. మొదటిసారి ‘నేలలో నిలబడి చూసేవాళ్లు’ అని విప్పి రాసి, అక్కణ్నుంచి ‘నేలవాళ్లు’ అనేయండి. బాసింపట్టు గొడవా ఉండదు.

అడిగినవారు: ‘నేలవాళ్లు’ ఖాయం. ఇక అంతస్తుల్లో రెండో పెన్నీ వాళ్లకి ‘బాల్కనీ’ అనేస్తున్నాను, దానికి మాత్రం పేచీ పెట్టకండి.