యూకే ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్: ప్లేస్‌మెంట్ ఉన్న రెండేళ్ళ కోర్సా, మామూలు ఏడాది కోర్సా?

తాడిపత్రి_సీఎస్ఈ అడిగారు:

అన్నలకు, అక్కలకు నమస్తే. అనంతపురం జేఎన్‌టీయూ కింద ఉన్న కాలేజీలో బీటెక్ సీఎస్ఈ అయిపోయింది. 7.4 సీజీపీఏ, బ్యాక్‌లాగ్స్ లేవు. యూకేలో ఒకే యూనివర్సిటీ నుంచి రెండు ఆఫర్లు ఉన్నాయి: ఎమ్మెస్సీ కంప్యూటర్ సైన్స్ ఏడాది, అదే కోర్సు ఇండస్ట్రియల్ ప్లేస్‌మెంట్‌తో (కోర్సులో భాగంగా కొంతకాలం కంపెనీలో పని చేయడం) రెండేళ్ళు. కర్నూలులో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు "ప్లేస్‌మెంట్ యూనివర్సిటీయే ఇప్పిస్తుంది, ఆ జీతంతో రెండో ఏడాది ఖర్చంతా వెళ్ళిపోతుంది" అంటున్నారు. నమ్మొచ్చా? ఇంట్లో శెనక్కాయల డబ్బు కొంత ఉంది, మిగతాది పొలం మీద లోన్ తెద్దామంటున్నాడు నాయన. బ్యాంకులో డబ్బు ఎట్లా చూపించాలో కూడా చెప్పండి.

బురుజు_కర్నూలు:

తమ్ముడూ, ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చిన షరతులు మొత్తం చదువు. ప్లేస్‌మెంట్ వెతుక్కోవాల్సింది స్టూడెంటేననీ, దొరక్కపోతే ఏడాది కోర్సుకు మారుస్తామనీ అందులో ఎక్కడో ఒకచోట ఉంటుంది. యూనివర్సిటీ కెరీర్స్ వాళ్ళు సీవీ దిద్దుతారు, మాక్ ఇంటర్వ్యూలు పెడతారు, కంపెనీల ప్రకటనలు పోర్టల్‌లో పెడతారు. అంతవరకే వాళ్ళ పని. నీకు వచ్చింది ఉద్యోగం కాదు, ఉద్యోగం వెతుక్కోవడానికి అనుమతి. ఈ తేడా తెలిసి వెళ్ళేవాళ్ళకు ఆ కోర్సు నిజంగా మంచిది.

ఎమ్మెస్సీ అంటే 180 క్రెడిట్లు: సబ్జెక్టులకు 120, ప్రాజెక్టుకు 60. ప్లేస్‌మెంట్ దీనికి అదనంగా వచ్చే భాగం. స్టూడెంట్ వీసాలో ప్లేస్‌మెంట్ కోర్సు మొత్తం కాలంలో సగం దాటకూడదు. అందుకే 24 నెలల కోర్సులో అది 12 నెలలకు మించదు. ఆ కాలంలో ఫుల్‌టైమ్ పని చేయొచ్చు. మిగతా టర్మ్‌లో వారానికి 20 గంటలే, వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. చాలామంది పప్పులో కాలేసేది వేసవిలో. ఎండాకాలం సెలవులు డిగ్రీ పిల్లలకు మాత్రమే. మాస్టర్స్ వాళ్ళకు అది డిసర్టేషన్ (చివరి ప్రాజెక్టు, దాని రిపోర్టు) సమయం, అప్పుడూ 20 గంటల పరిమితే. యాప్‌లో ఫుడ్ డెలివరీ స్వయం ఉపాధి కింద లెక్క, స్టూడెంట్ వీసాపై అసలు కుదరదు.

ఇక వెతకడం. సెప్టెంబరులో దిగేసరికే పెద్ద కంపెనీల ప్రకటనలు తెరిచి ఉంటాయి, చాలావాటికి డిసెంబరు లోపలే గడువు అయిపోతుంది. ఉద్యోగం మొదలయ్యేది మాత్రం మరుసటి వేసవిలో. "ముందు క్లాసులు సర్దుకోనీ, జనవరిలో చూద్దాం" అనుకున్నవాళ్ళకు మిగిలేది చిన్న కంపెనీలే. అవి వసంతకాలంలో కూడా తీసుకుంటాయి, కానీ ఒకటీ రెండూ ఖాళీలు ఉంటాయి. కాబట్టి సీవీ, కవర్ లెటర్, గిట్‌హబ్ (నీ కోడ్ అందరికీ కనిపించేలా పెట్టే సైట్) ఇక్కడ ఇంట్లో ఉన్నప్పుడే సిద్ధం చేసుకో. వరస ఇట్లా ఉంటుంది: అప్లికేషన్, ఆన్‌లైన్ కోడింగ్ టెస్టు, రికార్డు చేసి పంపే వీడియో ఇంటర్వ్యూ, చివర అసెస్‌మెంట్ సెంటర్ (కొంతమందిని ఒకేసారి పిలిచి గ్రూపు పనులు, ఇంటర్వ్యూలు పెట్టడం).

సీవీలో "అటెండెన్స్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పైథాన్, మైఎస్‌క్యూఎల్" అని ఒక్క లైను రాస్తే ఎవరూ ఆగి చూడరు. అదే ప్రాజెక్టుకు టెస్టులు రాయి, డాకర్‌లో (ఏ మెషీన్‌లోనైనా ఒకేలా నడిచే ప్యాకేజీగా) పెట్టు, ఎక్కడైనా నడిపి లింకు ఇవ్వు. రీడ్‌మీలో (ప్రాజెక్టు వివరణ ఫైలు) ఏ క్వెరీ నెమ్మదిగా ఉండేది, ఏ కాలమ్ మీద ఇండెక్స్ వేస్తే ఎంత తగ్గింది రాయి. ఇంటర్వ్యూలో వాళ్ళు పట్టుకుని అడిగేది దాన్నే. కొన్న ప్రాజెక్టు అయితే రెండో ప్రశ్నకే దొరికిపోతావు.

అప్లికేషన్ ఫారంలో "స్పాన్సర్‌షిప్ కావాలా" (అంటే కంపెనీ నీకు వర్క్ వీసా ఇప్పించాలా) అనే ప్రశ్న దగ్గర చాలామంది కంగారుపడి "అవును" కొట్టేస్తారు, సిస్టమ్ అక్కడికక్కడే తిరస్కరిస్తుంది. ప్లేస్‌మెంట్‌కు స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు, నీ స్టూడెంట్ వీసానే సరిపోతుంది. ప్రశ్న ఆ ఉద్యోగం గురించి మాత్రమే అయితే "వద్దు" అనడం సరైన జవాబు. "భవిష్యత్తులో కూడా" అని అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు, పక్క పెట్టెలో "ఈ ప్లేస్‌మెంట్ నా కోర్సులో భాగం, యూనివర్సిటీ లెటర్ ఇస్తుంది" అని రాయి. చేరేటప్పుడు ఈ-వీసా (ఆన్‌లైన్‌లో ఉండే వీసా) నుంచి షేర్ కోడ్ ఇవ్వాలి, దాంతోనే నీకు పని హక్కు ఉందో లేదో కంపెనీ చూసుకుంటుంది. సెక్యూరిటీ క్లియరెన్స్ అడిగే రక్షణ రంగం ఉద్యోగాలు వదిలెయ్, వాటికి మామూలుగా 5 ఏళ్ళు యూకేలో ఉండి ఉండాలి.

జీతం మాట కూడా చెప్పాలి. కోర్సులో భాగమైన ప్లేస్‌మెంట్ ఏడాదికి మించకపోతే కనీస వేతన చట్టం వర్తించదు. మంచి కంపెనీలు బాగానే ఇస్తాయి, కానీ జీతం లేనివీ ఉంటాయి. ఆ జీతాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయొద్దు.

పెన్నా_పొద్దుటూరు:

డబ్బు సంగతి నేను చెప్తాను. వీసాకు రెండు మొత్తాలు చూపాలి: క్యాస్‌లో (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ ధ్రువీకరణ) మొదటి ఏడాది ఫీజు ఎంత బాకీ చూపిస్తే అంత, పైన అక్కడ ఉండడానికి 9 నెలల ఖర్చు. 2025 నవంబరు 11 నుంచి లండన్ బయట నెలకు 1,171 పౌండ్లు, అంటే 10,539. లండన్‌లో నెలకు 1,529, అంటే 13,761. ఈ సొమ్ము వరసగా 28 రోజులు అకౌంట్‌లో ఉండాలి, ఆ 28వ రోజుకూ దరఖాస్తు తేదీకీ మధ్య 31 రోజులు దాటకూడదు.

నాయనకు ఇది విడమరచి చెప్పు: ఆ 28 రోజుల్లో విత్తనాలకనో, ఎవరికో సర్దుబాటుకనో తీసి మర్నాడే వేసినా కుదరదు. ఒక్కరోజు తక్కువైతే ఆ కారణంతోనే వీసా తిరస్కరిస్తారు. రూపాయి విలువ ఆటుపోట్లకు కూడా కొంచెం ఎక్కువ ఉంచండి. అకౌంట్ నీదో, అమ్మానాయనలదో అయి ఉండాలి. వాళ్ళదైతే నీ జనన ధ్రువపత్రం, వాళ్ళ అంగీకార పత్రం జతచేయాలి. పెదనాన్న, మేనమామల అకౌంట్ పనికిరాదు.

పొలం మీద ఆశ పెట్టుకుని కూర్చోకండి. విద్యా రుణానికి చాలా బ్యాంకులు వ్యవసాయ భూమిని తనఖా తీసుకోవు, ఇల్లో, ఊరి ప్లాటో, ఫిక్స్‌డ్ డిపాజిట్టో అడుగుతాయి. 7.5 లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకుల్లో మామూలుగా తనఖా తప్పదు. అందుకే ఆఫర్ రాగానే బ్రాంచికి వెళ్ళి అడగండి, వీసా టైమ్‌లో కాదు. బ్యాంకు శాంక్షన్ లెటర్ ఉంటే ఆ మేరకు 28 రోజుల లెక్క అవసరం లేదు.

కన్సల్టెన్సీలు లెక్కలో వేయని ఖర్చు హెల్త్ సర్‌చార్జి, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతో పాటు కట్టే రుసుము. స్టూడెంట్లకు ఏడాదికి 776 పౌండ్లు, కోర్సు తర్వాత ఇచ్చే 4 నెలలకూ కలిపి ముందే కట్టాలి. ఏడాది కోర్సుకు సుమారు 1,164, రెండేళ్ళ కోర్సుకు 1,940. ప్లేస్‌మెంట్ ఏడాదికి యూనివర్సిటీ వేరే ఫీజు తీసుకుంటుందేమో కూడా రాతపూర్వకంగా అడుగు. టీబీ టెస్టు తప్పనిసరి, సర్టిఫికెట్ 6 నెలలే చెల్లుతుంది. మీకు హైదరాబాద్ కన్నా బెంగళూరు దగ్గర, టెస్టూ వీసా బయోమెట్రిక్స్ రెండూ అక్కడే అవుతాయి.

ఇడుపులపాయ_గేట్:

ఒక్క మాట. ఇక్కడే ఎంటెక్ చేసే దారీ ఉంది. దాని ప్రవేశ పరీక్ష గేట్, ఆ స్కోరు ఉంటే 3 ఏళ్ళు చెల్లుతుంది. కర్నూలు ట్రిపుల్ఐటీడీఎం (కేంద్ర ప్రభుత్వ సాంకేతిక విద్యాసంస్థ) వంటి చోట్ల గేట్‌తో ఎంటెక్‌లో చేరి అర్హత ఉన్నవాళ్ళకు నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. రెండో ఏడాది ప్రాజెక్టును కంపెనీలో ఇంటర్న్‌షిప్‌గా చేయనిచ్చే కాలేజీలూ ఉన్నాయి. చేరేముందు ఆ సంగతి డిపార్ట్‌మెంట్‌లో అడగాలి. అప్పు భయం ఉంటే ఇదీ ఆలోచించు.

తాడిపత్రి_సీఎస్ఈ:

చాలా థాంక్స్ అన్నా. ఇంకో రెండు సందేహాలు. ప్లేస్‌మెంట్ దొరక్కపోతే వీసా ఏమవుతుంది? డాక్యుమెంట్లు ఆలస్యమైతే జనవరి ఇన్‌టేక్‌కు మారొచ్చా?

బురుజు_కర్నూలు:

దొరక్కపోతే కోర్సు తగ్గిందని యూనివర్సిటీ హోమ్ ఆఫీస్‌కు (వీసాలు చూసే యూకే ప్రభుత్వ శాఖ) చెప్తుంది, వీసా గడువు ఆ మేరకు తగ్గిస్తారు. కట్టిన సర్‌చార్జి తిరిగి రాదు. అటుపైన గ్రాడ్యుయేట్ వీసాకు (చదువు అయ్యాక అక్కడే ఉండి పని చేసుకునే వీసా) వెళ్ళొచ్చు, డిగ్రీకి లోటేమీ లేదు. కానీ గుర్తుపెట్టుకో, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వాళ్ళకు అది రెండేళ్ళు కాదు, 18 నెలలే. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకు (కంపెనీ స్పాన్సర్ చేసే వర్క్ వీసా) మామూలుగా ఉండాల్సిన కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు, ఉద్యోగంలో కొత్తగా అడుగుపెట్టేవాళ్ళకు 33,400. అక్కడి అనుభవం లేకుండా 18 నెలల్లో అంత జీతం పట్టడం కష్టం కాబట్టే ప్లేస్‌మెంట్‌కు విలువ.

ఏడాది కోర్సులో చేరి అక్కడికెళ్ళాక ప్లేస్‌మెంట్‌కు మారాలంటే మళ్ళీ కొత్తగా వీసా దరఖాస్తు, ఫీజు, సర్‌చార్జి. యూనివర్సిటీ ఒప్పుకోవాలి కూడా. అప్పు తట్టుకోగలిగితే రెండేళ్ళదే తీసుకో.

జనవరి వద్దు. నువ్వు దిగేసరికి ఆ వేసవి ఉద్యోగాల గడువులు చాలావరకు అయిపోయి ఉంటాయి. నీ సబ్జెక్టులు ముగిసే సమయానికీ కంపెనీలు చేర్చుకునే సమయానికీ పొంతన ఉండదు. సెప్టెంబరు దాటిపోతే మరుసటి సెప్టెంబరుకు వాయిదా అడుగు. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులు కలిపిన మెమో), ట్రాన్స్‌స్క్రిప్టులకు మాత్రం ఈ వారమే అప్లై చెయ్యి, మార్కుల మెమోలో పేరు స్పెల్లింగ్ పాస్‌పోర్టుతో కలుస్తోందో లేదో ముందు చూసుకో.