‘హార్ట్‌స్టాపర్’లో నీలం, పసుపు: రంగులే కథ చెప్తున్నాయా, చూసేవాళ్లం మనమే అల్లుకుంటున్నామా?

బైరాగిపట్టెడ:
చూడనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తా. 2022లో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైన సిరీస్ ఇది. ఇంగ్లండ్‌లో ఒక మగపిల్లల స్కూలు. బెరుకు మనిషి చార్లీ, రగ్బీ ఆడే నిక్, వాళ్లిద్దరి మధ్య ప్రేమ. మూలం ఆలిస్ ఓస్మన్ గీసిన కామిక్, అది మొదట వచ్చింది నలుపు తెలుపుల్లోనే. తెరకెక్కేసరికి చార్లీ చుట్టూ నీలం చేరింది, నిక్ చుట్టూ పసుపు చేరింది. నా వాదన ఏమంటే, అది అందం కోసం పెట్టింది కాదు. పదిహేనేళ్ల పిల్లలు నోరు తెరిచి చెప్పలేని దాన్ని రంగు చెప్తోంది. కాదనేవాళ్లు రండి.

చిత్తూరు కెమెరా:
కాదంటాను. పెళ్లిళ్లు షూట్ చేస్తా కాబట్టి తెలిసిందే చెప్తున్నా. నీలం పక్కన పసుపు పెడితే రెండు ముఖాలూ దేనికది తేలి కనిపిస్తాయి. చల్లరంగు, వెచ్చరంగు, అంతే. ఈ పద్ధతి ప్రతి సినిమాలోనూ ఉంది. పిల్లాడు నీలం స్వెటర్ వేసుకుంటే దిగులు అని మీరు రాస్తారు. రేపు తెల్లది వేసుకుంటే? మన ఇళ్లలో పసుపు పూసుకున్న పెళ్లికూతురు మంగళం, అక్కడ తెల్ల గౌనులో ఉన్న పెళ్లికూతురు మంగళం. రంగుకు సొంత అర్థం ఏదీ లేదక్కా, మనం తగిలించిందే.

కాళాస్తి కలం:
తగిలించిందే అనుకుందాం తమ్ముడూ, తగిలించినాక అది అర్థం కాకుండా పోతుందా? మా కలంకారీలో రాముడికి, కృష్ణుడికి నీలం. ఆడవాళ్ల ఒంటికి పసుపు. పేరు రాయకపోయినా గుడ్డ మీద ఎవరు ఎవరో తెలిసిపోతుంది. ఇంకొకటి చెప్తా. కరక్కాయ, పాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డ మీద పటిక నీళ్లతో గీస్తాం. గీసినప్పుడు అక్కడ రంగేమీ ఉండదు. రంగునిచ్చే చెట్టు చెక్క వేసి ఉడకబెట్టినాకే గీసిన చోటల్లా ఎరుపు లేస్తుంది. మంచి కథలో రంగు కూడా ఇట్లనే పనిచేస్తుందని నా నమ్మకం. మొదటి ఎపిసోడ్‌లో పెట్టింది ఎప్పుడో నాలుగోదాంట్లో తేలుతుంది. అంతవరకూ ఆగకుండా ఒక్క స్వెటర్ చూసి తీర్పు చెప్పేస్తే ఎట్లా?

బైరాగిపట్టెడ:
అన్న చెప్పినదానికి మన తిరుపతిలోనే సాక్ష్యం ఉంది. గంగమ్మ జాతర. బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి గంధం. దాక్కున్న పాలెగాణ్ణి వెతుక్కుంటూ అమ్మ రోజుకొక వేషం మారుస్తుంది, దొర వేషంలో వచ్చిన రోజు వాడు బయటికొచ్చి చస్తాడు. తాతయ్యగుంట వీధుల్లో పిల్లలకు ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పరు. ఏటా అదే వరసలో చూస్తారు, రంగు కనబడగానే కథ ఎంతవరకు వచ్చిందో తెలిసిపోతుంది. సిరీస్ కూడా తన రంగుల్ని తనే నేర్పగలదు, మళ్లీ మళ్లీ అదే మనిషి పక్కన పెడితే చాలు. రెండో ఎపిసోడ్‌లో చార్లీ నిద్రపోతుంటే నిక్ చెయ్యి అతని చేతి దాకా వెళ్లి ఆగుతుంది. వేళ్ల చుట్టూ చేత్తో గీసిన మెరుపు గీతలు చిటపటలాడతాయి. ఒక్క మాట లేదు. ఆ గీతలు తీసేసి చూడండి, ఏం మిగులుతుందో.

చిత్తూరు కెమెరా:
ఆ గీతలు గొప్పగా ఉన్నాయి, దాంట్లో గొడవే లేదు. అది కామిక్ భాష, ఎవరికైనా అందుతుంది. నా అభ్యంతరం మూడో ఎపిసోడ్ పార్టీ మీద. టారా, డార్సీ అనే ఇద్దరమ్మాయిలు డాన్స్ చేస్తూ ముద్దు పెట్టుకుంటే వాళ్ల మీద ఇంద్రధనుస్సు వెలుతురు. చూస్తున్న నిక్ ముఖం మీద గులాబీ, ఊదా, నీలం. 1998లో మైకేల్ పేజ్ తయారుచేసిన బైసెక్సువల్ జెండా రంగులవి, అంటే అబ్బాయిల మీదా అమ్మాయిల మీదా ఇష్టం కలిగేవాళ్ల జెండా. సిరీస్ నేర్పిన అర్థం కాదిది, బయటినుంచి అరువు తెచ్చింది. జెండా తెలియని మా అమ్మకు అది పార్టీ లైటే. తెలిసినవాళ్లకేమో ముఖం మీద బోర్డు రాసి తగిలించినట్టు. ఇద్దరికీ నష్టమే.

హాస్టల్ రూమ్:
అన్నా, ఆ రంగులు ఎవరికోసం పెట్టారో ఆలోచించండి. నాలాంటివాడు ఆ సీన్ హాస్టల్లో దుప్పటి కింద, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, సౌండ్ తగ్గించి చూశాడు. పక్క మంచం వాడు తొంగిచూసినా వాడికి కనిపించేది పార్టీ లైటే. నాకు మాత్రం నిక్ తనను తాను గుర్తుపడుతున్నాడని అర్థమైంది. ఆ రంగులు అందరికీ అర్థమయ్యేవే అయితే ఆ రోజు నేను చూడగలిగేవాణ్ణి కాదు. మీరు లోపం అన్నదే నాకు అండ అయింది.

కాళాస్తి కలం:
బాగా చెప్పినావు నాయనా.

చిత్తూరు కెమెరా:
నీ మాట కాదనను తమ్ముడూ. కానీ కథ చెప్పడం వేరు, తెలిసినవాళ్లకు సైగ చెయ్యడం వేరు. సైగ అందని ప్రేక్షకుడికి కథ ఆగకూడదు కదా. నేనడిగేది అంతే.

బైరాగిపట్టెడ:
ఎక్కడ ఆగింది? మొదటి సీజన్ చివరి ఎపిసోడ్‌లో నిక్ వాళ్లమ్మకు నోటితోనే చెప్తాడు, తాను బైసెక్సువల్ అని. ఇన్నాళ్లూ నాతో చెప్పుకోలేవు అనిపించేలా చేసుంటే సారీ అంటుంది ఆమె. మీ అమ్మగారికి కథ అక్కడ అందుతుంది, తమ్ముడికి అయిదు ఎపిసోడ్ల ముందే అందింది. నిక్ కంటే ముందు మనకు తెలియడం, నిక్‌కు తెలిశాక కూడా వాళ్లమ్మకు తెలియకపోవడం, ఆ మధ్యలో మనం పడే ఆరాటమే ఈ సీజన్. పార్టీ సీన్‌లో మామూలు తెల్ల లైటు పెట్టి ఉంటే ఆ ఆరాటం ఎక్కణ్ణుంచి పుడుతుందో మీరే చెప్పాలి. లైటింగ్ తెలిసిన మనిషి మీరు. అదే సీన్‌ను మీరైతే ఎట్లా వెలిగిస్తారో రాయండి, దాని మీద మాట్లాడుకుందాం.