నల్ల కారు బానెట్ మీద సాలెగూడు గీతలు. బెజవాడలో కారు ఎక్కడ కడిగించాలో ఎలా తేల్చుకోవాలి?

పోరంకి నల్లబండి:

నాది బాలెనో, నలుపు. కొని పదినెలలైంది. మన ఎండకీ మన దుమ్ముకీ నలుపు వద్దురా అని మా నాన్న చెబుతూనే ఉన్నారు. షోరూములో లైట్ల కింద నిగనిగలాడుతుంటే ఎవరి మాట చెవికెక్కుతుంది!

ఉద్యోగం గుంటూరులో. రోజూ కృష్ణ మీది వారధి దాటి, మంగళగిరి మీదుగా, కాజ టోల్‌గేటు దాటి వెళ్లి రావాలి. దారిలో ఒక్క ఇసుక లారీ వెనక పడితే చాలు, బండి రంగు మారిపోతుంది. అందుకని వారానికోసారి ఇంటి దగ్గర్లో ఉన్న ఒక వాటర్ సర్వీసింగ్‌లో ఇచ్చేవాణ్ని. 350 తీసుకుంటాడు, ఇరవై నిమిషాల్లో తాళం చేతికిస్తాడు. నేను ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం, చివర్లో టైర్ పాలిష్ మెరుపు చూసి మురిసిపోవడం.

పోయిన ఆదివారం రాత్రి పెట్రోల్ బంకులో ఆగాను. బానెట్ మీద ట్యూబ్‌లైటు నీడ పడింది. దాని చుట్టూ సాలెగూడు అల్లినట్టు గుండ్రంగా సన్నటి గీతలు! బండి చుట్టూ తిరిగి చూశాను, ఒళ్లంతా అంతే. చెయ్యి పెడితే ఏమీ తగలవు. డ్రైవర్ వైపు డోరు కింద మాత్రం రెండు గీతలు గోటికి తగులుతున్నాయి. అద్దాల మీద తెల్లచుక్కలు సరేసరి, ఎంత తుడిచినా పోవడం లేదు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. నవ్వకండి, ఇంకా యాభై నెలల ఈఎంఐ ఉంది.

మర్నాడు కడిగేవాళ్లనే అడిగాను. "నల్ల బండి కదా సార్, అంతే. రబ్బింగ్ పాలిష్ చేయించండి, కొత్తదైపోతుంది. మూడు వేలు" అన్నాడు. ఇంకొకాయన సిరామిక్ కోటింగ్ అంటున్నాడు, ఇరవై వేలకి పైనే. మా ఆఫీసులో ఒకరేమో బ్రష్షులు తిరిగే మెషీన్ ఉన్నచోటుకి వెళ్లు, మనిషి చెయ్యి తగలదు కాబట్టి గీతలు పడవు అంటారు. ఎవరి మాట నమ్మాలి? అసలు మంచి చోటు అని చూసి ఎలా తెలుసుకోవాలి? సెంటర్ల పేర్లు వద్దు, పోయిన చోటల్లా నేనే చూసుకునేలా చెప్పండి.

రింగురోడ్డు కుర్రాడు:

బ్రో, మెషీన్ జోలికి మాత్రం పోవద్దు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు వానాకాలం అంతా నా బండి అందులోనే కడిగించాను. మనకంటే ముందు వచ్చిన బండి బురద మొత్తం ఆ బ్రష్షుల్లోనే ఉంటుంది, తర్వాత అది మన బండి మీద తిరుగుతుంది. ఒకసారి వైపర్లు ఆటో మోడ్‌లో, అంటే తడి తగిలితే వాటంతట అవే తిరిగేలా, వదిలేశాను. నీళ్లు తగలగానే అవి లేచి ఊగడం మొదలుపెట్టాయి, పక్కన బ్రష్షు! ఎప్పుడైనా తప్పక వెళ్లాల్సి వస్తే అద్దాలు మడిచి, యాంటెన్నా ఊడదీసి, వైపర్లు ఆఫ్ చేసి వెళ్లు.

బ్రష్షులు లేకుండా నురగా నీళ్లూ మాత్రమే కొట్టే మెషీన్లు వేరే ఉన్నాయి. వాటితో గీతలు పడవు గానీ అంటుకుపోయిన బురద పూర్తిగా వదలదు.

నాన్నగారి మాట వినాల్సింది. నాదీ నలుపే, మా నాన్న కూడా చెప్పాడు.

ఆటోనగర్ షెడ్డు:

బాబూ, నేను ఆటోనగర్‌లో పద్నాలుగేళ్లు వాటర్ సర్వీసింగ్ షెడ్డు నడిపాను. మోకాళ్లు మొరాయిస్తే మా బావమరిదికి అప్పగించేశాను. ఎవరికీ బేరం తెచ్చిపెట్టే పని లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతా.

నీళ్లు గీతలు పెట్టవు. ఇసుక పెడుతుంది. ఆ ఇసుకని బండి మీద రుద్దేది గుడ్డ. మీరు నీళ్లు కొట్టే గన్ ఎంత పెద్దది, నురగ ఏ రంగులో వస్తుంది, కూర్చునే గదిలో ఏసీ ఉందా అని చూస్తారు. చూడాల్సింది బకెట్టూ గుడ్డా.

కారు రంగు మీద అద్దంలాంటి పూత ఒకటి ఉంటుంది, క్లియర్‌కోటు అంటారు. దాని మందం 40, 50 మైక్రాన్లు. మామూలు తెల్లకాగితం 100 మైక్రాన్లు ఉంటుంది. అంటే అరకాగితమంత పూత. మీకు కనిపించే సాలెగూడు ఆ పూత మీద పడ్డ గీతలే. తెల్ల బండి మీద కూడా ఇన్నే ఉంటాయి, కనిపించవు అంతే. కాబట్టి "నల్ల బండి కదా" అన్నవాడు సగం నిజమే చెప్పాడు, పనికొచ్చే సగం మింగేశాడు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగినప్పుడు మా షెడ్డుకి వచ్చిన బళ్లు మీరు చూడాల్సింది. నీళ్లు తీశాక ఒండ్రు ఎండి పెంకు కట్టింది. పాపం ఇళ్లవాళ్లు కంగారులో పాత చీరముక్కలు, గోనెసంచులు పెట్టి పొడిగానే తుడిచేశారు. ఇంజన్ పోయిందని బాధపడుతూ వచ్చినవాళ్లు డోర్లు చూసుకుని ఇంకోసారి బాధపడ్డారు. ఎవరూ చెయ్యి పెట్టకుండా తెచ్చిన బళ్లకి మాత్రం గంటసేపు నీళ్లు పారించి, నానబెట్టి, మళ్లీ పారించి, ఆ తర్వాతే గ్లవ్వు, అంటే చేతికి తొడుక్కుని కడిగే మెత్తటి తొడుగు, పెట్టాం. వాటి పెయింటు చాలావరకు దక్కింది. మీ బండి మీద ఉండేది ఆ ఒండ్రే, కాస్త తక్కువ మోతాదులో.

ఇక చోటు ఎలా ఎంచుకోవాలంటే, మొదటిసారి బండి ఇవ్వొద్దు. పక్కన నిలబడి టీ తాగండి. ముందున్న బండిని ఎలా కడుగుతున్నారో చూడండి. గుడ్డ పెట్టేలోపు ఎంతసేపు నీళ్లు కొట్టారు? పైనుంచి కిందికి వస్తున్నారా, చక్రాలు తుడిచిన గుడ్డే బానెట్ ఎక్కుతోందా? గుడ్డ కింద పడితే ఏం చేస్తున్నారు? పక్కన పడేసి ఇంకోటి తీస్తే మంచి షెడ్డు. దులిపి మళ్లీ అదే పెడితే టీ డబ్బులిచ్చి బయల్దేరండి. వీలైతే బకెట్టు అడుగున వేలు పెట్టి చూడండి, గరగరమంటే అదంతా మీ బండి మీదికి రాబోయే సరుకే. మా దగ్గర రెండు బకెట్లు ఉండేవి. ఒకదాంట్లో షాంపూ, ఒకదాంట్లో ఉత్త నీళ్లు. గ్లవ్వు ఉత్త నీళ్లలో జాడించాకే మళ్లీ షాంపూలో ముంచాలి. దీనికి పైసా ఖర్చు లేదు, అయినా చెయ్యరు. టైం పడుతుంది కదా. ఇరవై నిమిషాల్లో అయిపోయిందంటే ఎక్కడో తినేసినట్టే.

సర్ఫ్ పొడి కలిపిన నీళ్లయితే వద్దనండి. బట్టల మురికి వదలగొట్టే ఘాటు అది, మైనం పూత ఉంటే దాన్నీ వదలగొడుతుంది.

గన్ వల్ల నష్టం లేదని కాదు. మూరెడు దూరం నుంచి, ఏటవాలుగా కొట్టాలి. కొన్ని గన్‌లకి రంగు టిప్పులు వస్తాయి. ఎర్రది సున్నా డిగ్రీలు, నీళ్లు సూదిలా దూసుకొస్తాయి. అది గచ్చు మీద పాచి వదిలించడానికి, కారుకి కాదు. తెల్లది 40 డిగ్రీలు, విసనకర్రలా విచ్చుకుంటుంది. ఎక్కడైనా పెయింటు కొద్దిగా లేచి ఉంటే దగ్గర్నుంచి కొట్టిన గన్ దాన్ని పెచ్చులా ఊడగొడుతుంది. డోరు రబ్బర్లు, స్టిక్కర్లు కూడా అంతే. రేడియేటర్ రేకులైతే వంగిపోతాయి. బానెట్ లేపి ఇంజన్ మీద గన్ పెడతానంటే చెయ్యి పట్టుకుని ఆపండి. ఇప్పటి బళ్లలో అక్కడంతా సెన్సర్లూ కనెక్టర్లూ. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

"కింద డీజిల్ స్ప్రే కొట్టమంటారా సార్?" అని అడుగుతారు. నేనూ మొదట్లో కొట్టినవాణ్నే, దాచడం దేనికి. రెండు రోజులు నల్లగా మెరుస్తుంది. ఆ తర్వాత దుమ్మంతా దానికే అతుక్కుంటుంది. కింద ఉన్న రబ్బరు బుష్‌లకి డీజిల్ పడదు, ఉబ్బి మెత్తబడతాయి. ఆ సంగతి ఒక మెకానిక్కు నన్ను తిట్టి మరీ చెప్పాడు. ఆ రోజునుంచి మానేశాను.

రబ్బింగ్ అంటే గీత లోతువరకు పూతనే అరగదీసి చదును చేయడం. మంచివాడు చేస్తే బండి నిజంగానే కొత్తదవుతుంది. కానీ ఉన్నది అరకాగితం పూత, దాన్ని ఎన్నిసార్లు అరగదీస్తారు? గీతలు పెట్టిన చేత్తోనే రబ్బింగ్ చేయించుకుంటే మళ్లీ ఆర్నెల్లకి అక్కడికే వస్తారు. ముందు కడిగే తీరు మార్చండి, తర్వాత ఒక్కసారి చేయించండి. గోటికి తగిలే రెండు గీతలు మాత్రం రబ్బింగ్‌తో పూర్తిగా పోవు, లోతుగా ఉన్నాయి. సిరామిక్ వేయిస్తే నీళ్లు జారిపోతాయి, మురికి సులువుగా వదులుతుంది. అంతవరకే. ఇసుకని గుడ్డతో రుద్దితే దాని మీదా గీతలు పడతాయి.

అరండల్‌పేట అక్క:

షెడ్డు అన్నయ్యగారు బాగా చెప్పారు. తెల్లచుక్కల సంగతి నేను చెబుతాను. అది బోరునీళ్ల ఉప్పు. మా గుంటూరులో మా బోరు నీళ్లతో కుక్కరు కడిగి ఆరబెట్టినా అవే చుక్కలు. ఎండలో బండి కడిగించి తుడవకుండా వదిలేస్తే నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. తెల్ల వెనిగరు ఒక వంతు, నీళ్లు ఒక వంతు కలిపి గుడ్డ తడిపి అద్దం మీద ఒక్క నిమిషం ఉంచండి. తర్వాత మంచినీళ్లతో కడిగేయండి. నాకు చాలావరకు పోయాయి. ముదిరితే పోవు, అప్పుడు అద్దం పాలిష్ చేసేవాళ్ల దగ్గరికే. బండి నీడలో పెట్టి, బానెట్ చల్లారాకే నీళ్లు పోయించండి.

ఇంకో మాట, ఏమీ అనుకోకండి. మీరు ఉండేది అపార్ట్‌మెంటా? పొద్దున్నే మీ కారు ఎవరు తుడుస్తారు?

పోరంకి నల్లబండి:

అక్కా, మీ ప్రశ్న చదివి ఒక్క నిమిషం అలాగే కూర్చుండిపోయాను. అపార్ట్‌మెంటే. వాచ్‌మన్ బాబాయ్ రోజూ ఐదున్నరకే తుడుస్తాడు. నెలకి 400 ఇస్తాను. నిన్న పెందలాడే లేచి కిందికి వెళ్లి చూశాను. ఒక బకెట్టు, ఒక పాత బనీను. ఆ బకెట్టుతోనే వరసగా పదకొండు బళ్లు. నాది తొమ్మిదోది. ముందు రోజు నేను తెచ్చిన ఇసుక లారీ దుమ్ము మీద నీళ్లు చల్లకుండా తడిగుడ్డ గుండ్రంగా తిప్పుతున్నాడు. సాలెగూడు ఎక్కడిదో అర్థమైంది. వారానికోసారి కడిగేవాణ్ని తిట్టుకున్నాను, నెలకి ముప్ఫైసార్లు జరిగేది నా గుమ్మం ముందే.

ఆటోనగర్ షెడ్డు:

అది నాకు తట్టలేదు చూడండి. పద్నాలుగేళ్లూ బళ్లు షెడ్డుకి వచ్చాక చూసినవాణ్నే కదా. అక్కగారికి నమస్కారం.

పోరంకి నల్లబండి:

రెండు వారాల తర్వాత రాస్తున్నాను. మీరు చెప్పినట్టే టీ తాగుతూ మూడుచోట్ల నిలబడ్డాను. మొదటిచోట టైర్లకీ బానెట్‌కీ ఒకటే గుడ్డ, అంతటితో సరి. రెండోది బందరు రోడ్డు వైపు, బ్రహ్మాండంగా ఉంది. గులాబీరంగు నురగ, కాఫీ మెషీను, గోడకి టీవీ. కుర్రాడి చేతిలోంచి గుడ్డ జారి నీళ్లలో పడింది. నా కళ్ల ముందే పిండి మళ్లీ పెట్టాడు. కాఫీ మాత్రం బాగుంది.

మూడోది కానూరులో సందులో రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు. నేను వెళ్లింది మధ్యాహ్నం, గుంటూరు నుంచి నేరుగా. ఆయన బానెట్ మీద అరచెయ్యి పెట్టి, "కాలిపోతోంది సార్, అరగంట ఆ చెట్టు కింద పెట్టండి, చక్రాలు కూడా చల్లారాలి" అన్నాడు. కాలే బ్రేక్ డిస్కుల మీద చన్నీళ్లు పడితే అవి వంకర పోతాయట. నాకు అప్పుడే నచ్చాడు. బండికి నీలం గుడ్డ, చక్రాలకి పసుపు గుడ్డ. రెండు బకెట్లూ ఉన్నాయి, నేను అడక్కుండానే. యాభై నిమిషాలు పట్టింది, 500 తీసుకున్నాడు. ఇంజన్ కూడా కడగమంటే ఏమంటాడో చూద్దామని అడిగాను. "వేరే చోట చేయించుకోండి" అన్నాడు. మర్నాడు పొద్దున బ్రేక్ డిస్కుల మీద నారింజరంగు తుప్పు చూసి కంగారుపడి ఫోన్ చేశాను. తడికి వచ్చేదే, నాలుగుసార్లు బ్రేకు వేస్తే పోతుందన్నాడు. వీధి చివరికి వెళ్లేసరికి పోయింది.

కష్టమైంది వాచ్‌మన్ బాబాయ్‌తోనే. తుడవొద్దంటే, "నా పని బాగాలేదా బాబూ?" అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. 400 అలాగే ఇస్తాను, అద్దాలు మాత్రం తుడువు, దానికి వేరే గుడ్డ తెచ్చాను అని ఒప్పించేసరికి తల ప్రాణం తోకకి వచ్చింది. ఇప్పుడు ఆ కొత్త మైక్రోఫైబర్ గుడ్డని మడిచి కరెంటు మీటర్ల గదిలో భద్రంగా దాచాడు. నా అద్దాలు బనీనుతోనే తుడుస్తున్నాడు.