పికప్‌కి 8 పీఆర్ చాలా, 10 పీఆర్ వేయాలా?

మిర్చి బండి, గుంటూరు:
వెనక టైర్లు రెండూ మార్చాలి. యార్డు నుంచి కోల్డ్ స్టోరేజీకి మిర్చి టిక్కీలు (బస్తాలు) వేస్తాం, వచ్చేటప్పుడు ఖాళీ. కంపెనీ ఇచ్చినవి 8 పీఆర్ (ప్లై రేటింగ్, టైరు ఎంత గట్టిదో చెప్పే నంబరు). షాపాయన 10 పీఆర్ వేసుకో, ఇక ఎంత లోడైనా పర్లేదు అంటున్నాడు. నిజమేనా?

బెజవాడ ట్రాన్స్‌పోర్ట్:
కళ్లు మూసుకుని 10 పీఆర్ వేసెయ్ తమ్ముడూ. మే నెల ఎండలో హైవే మీద లోడుతో వెనక టైరు పేలితే బండి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి.

ఆటోనగర్ టైర్లు:
అన్నా, భయం న్యాయమైనదే, కానీ "ఎంత లోడైనా" అన్న మాట తప్పు. పీఆర్ కాదు, సైజు పక్కన ఉండే లోడ్ ఇండెక్స్ చూడాలి. 104 అంటే టైరుకి 900 కిలోలు, 108 అంటే 1000, 112 అంటే 1120. రెండు నంబర్లుంటే మొదటిది పక్కకి సింగిల్ టైరు ఉన్నప్పుడు, పికప్‌కి అదే లెక్క. లోడుతో కాటాకి వెళ్లి వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి తూయించండి. 1900 వచ్చిందనుకుందాం, టైరుకి 950. బరువు రెండు పక్కలా సమానంగా పడదు కాబట్టి 112 తీసుకుంటే నిశ్చింత. కంపెనీ నంబరు కంటే తక్కువది మాత్రం ఎప్పుడూ వద్దు.

ఇంకోటి, ఆ 1120 కిలోలు సైడువాల్ (టైరు పక్క భాగం) మీద రాసిన గాలి పూర్తిగా ఉంటేనే. 10 పీఆర్ కొని పాత ప్రెషరే కొట్టిస్తే పెట్టిన డబ్బు దండగ. మధ్యాహ్నం టైరు కాలిపోతోందని గాలి తీసేసేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది, గాలి తగ్గితే సైడువాల్ ఇంకా మడతపడి ఇంకా వేడెక్కుతుంది, పేలేది అప్పుడే.

బెజవాడ ట్రాన్స్‌పోర్ట్:
లెక్క బాగుంది. కానీ సీజన్లో పార్టీ ఇంకో పది టిక్కీలు ఎక్కిస్తే కాదంటామా?

ఆటోనగర్ టైర్లు:
అనాలన్నా. టైరు మార్చినంత మాత్రాన స్ప్రింగు కట్టలు, యాక్సిల్, బ్రేకులు మారవు, ఆర్‌సీలో బరువు పెరగదు. 2019 సవరణ తర్వాత చట్టంలో ఓవర్‌లోడ్ జరిమానా 20,000, పైన టన్నుకి 2,000. ఆ పది టిక్కీల కిరాయి ఎంతొస్తుంది?

మిర్చి బండి, గుంటూరు:
సరే అన్నా, రేపు యార్డు దగ్గర కాటా వేయించి, ఆ నంబరు ఇక్కడే పెడతా. అది చూశాకే కొంటా.