ఎన్నికైన సభ చేసిన చట్టాన్ని న్యాయస్థానం కొట్టివేయవచ్చా?

ప్రశ్న: డిగ్రీ విద్యార్థి, తిరుపతి
ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం ఆ మేరకు చెల్లదని రాజ్యాంగం 13వ అధికరణ చెబుతోంది. అయినా ప్రజలు ఓటు వేసి పంపిన సభ నిర్ణయాన్ని, ఎవరినీ ఓటు అడగనవసరం లేని న్యాయమూర్తులు తోసిపుచ్చడం ప్రజాస్వామ్యానికి ఎలా పొసగుతుంది? అమెరికా కేసులు కాకుండా మన దగ్గరి ఉదాహరణలతో పెద్దలు వివరించగలరు.

జవాబు: న్యాయవాది, చిత్తూరు
బాబూ, మన రాష్ట్రం కథే ఉంది. 1973లో 32వ సవరణతో 371-డి అధికరణ వచ్చింది. ఉద్యోగుల సర్వీసు వివాదాలకు పరిపాలనా ట్రిబ్యునల్ ఏర్పాటుకు వీలు కల్పించిన ఆ అధికరణలోని ఐదవ క్లాజు, ట్రిబ్యునల్ ఉత్తర్వు అమలులోకి రాకముందే దానిని మార్చే, రద్దు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ వివాదాలలో ప్రతివాది ఎవరు? సాధారణంగా ఆ ప్రభుత్వమే. అంటే ఓడిన కక్షిదారే తీర్పును చెరిపివేసుకోవచ్చన్నమాట. సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఆ క్లాజును కొట్టివేసింది. అది పార్లమెంటు చేసిన రాజ్యాంగ సవరణే అయినా, 1973లో కేశవానంద భారతి కేసులో పదమూడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 7-6 మెజారిటీతో చెప్పిన మౌలిక స్వరూప సూత్రం (సవరణతోనైనా రాజ్యాంగపు మూల లక్షణాలను చెరపరాదన్నది) ముందు నిలవలేదు. ఆ క్లాజు ఉండి ఉంటే గెలిచిన ఉద్యోగి ఓటు అతనికి ఏ మాత్రం అక్కరకు వచ్చేదో మీరే ఆలోచించండి.

జవాబు: విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి
వకీలు గారు కొట్టివేసిన కేసు చెప్పారు; నిలబెట్టినదీ చూడాలి. తిరుమల మిరాశీ అర్చకుల వంశపారంపర్య హక్కులను 1987 దేవాదాయ చట్టం రద్దు చేయగా, నారాయణ దీక్షితులు కేసులో సుప్రీంకోర్టు 1996లో ఆ రద్దును సమర్థించింది. పూజావిధానం మతానికి సంబంధించినదే గాని, అర్చకుని నియామకం లౌకిక వ్యవహారమని చెప్పింది. తరువాత 2007లో శాసనసభే చట్టాన్ని సవరించి, అర్హత గల అర్చక కుటుంబాలకు కొంత వెసులుబాటు ఇచ్చింది. సభకు ఆ పని చేసే అధికారం ఉందా అన్నంతవరకే కోర్టు చూస్తుంది. చేయడం మంచిదా కాదా అన్నది సభ తేల్చుకోవలసినదే. (మా వీధిలో ఈ తేడా నేటికీ ఎవరూ ఒప్పుకోరు.)

జవాబు: గ్రూప్స్ అభ్యర్థి, పీలేరు
అయ్యా, 1987 చట్టానికి 1996లో తీర్పు! నన్ను వేధించేది ఆ తొమ్మిదేళ్లు. అంతవరకూ స్టే దొరకదా?

జవాబు: న్యాయవాది, చిత్తూరు
అరుదుగా దొరుకుతుంది. చెల్లదని రుజువయ్యేదాకా చట్టం చెల్లుతుందనే భావనతోనే కోర్టు మొదలుపెడుతుంది కనుక, ప్రభుత్వ ఉత్తర్వుపై స్టే వచ్చినంత తేలికగా చట్టంపై రాదు.