రాసేవాడా, వ్రాసేవాడా?

తిరుపతి పాఠకురాలు:
మా నాన్నగారు శ్రీకాళహస్తిలో కలంకారీ చేసిన తమ మేనమామ పనితనం గురించి ఒక చిన్న పుస్తకం రాసి, అచ్చు వేయించకుండానే వెళ్ళిపోయారు. మొదటి పుటను చెదలు తినగా అంచులే మిగిలాయి. ఆయన పైకి చదువుతుండగా విన్న తొలి వాక్యాలు నాకు ఇలా గుర్తున్నాయి: "మా మేనమామ రాముణ్ణి మొదట నల్లగా రాసేవాడు. పది రోజులు పోయాక నీలంగా రాసేవాడు." మిగిలిన పుటల్లో 'వ్రాయు' అన్నచోటల్లా ఆయన క్రావడి (ర వత్తు) పెట్టారు. ఈ రెండు చోట్లా 'వ్రాసేవాడు' అని దిద్ది అచ్చుకు ఇవ్వవచ్చునా?

మద్రాసు మాస్టారు:
నిస్సందేహంగా దిద్దండమ్మా. తమిళంలో 'వరై', కన్నడంలో 'బరె', మనకు 'వ్రాయు'. మరం మనకు మ్రాను అయినట్టే వర్ణం అటూ ఇటూ మారింది. తమిళంలో 'వరై' అంటే నేటికీ బొమ్మ గీయడమే. బ్రౌన్ కూడా 'వ్రాయు'కు చిత్రించడమనే అర్థం ఇచ్చాడు. శ్రీకాళహస్తి కలంకారీకి 'వ్రాతపని' అనే పేరుండగా ఇక సాక్ష్యం ఎందుకు?

వ్రాతపని ఇంటివాడు:
మాస్టారూ, మొదటిదానికి ఒప్పుకుంటాను, రెండోదానికి ఒప్పుకోను. కరక్కాయ, గేదెపాలు కలిపి అందులో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద, ఇనుము, బెల్లం ఊరిన నీళ్ళలో ముంచిన వెదురు కలంతో గీత లాగుతాము. కలానికి చుట్టిన ఉన్నిని వేళ్ళతో నొక్కితే రంగు దిగుతుంది, గుడ్డలోని కరక్కాయ తగలగానే నలుపెక్కుతుంది. అది వ్రాయడం. నీలం వంతు చివరికి వస్తుంది. ఆ గీతల లోపల మొద్దు కలంతో, ఒంటికి నూనె రాసినట్టు, గుడ్డకు రాస్తూ పోతాము. ఈ రాయడం ఒరయు, రాచు, రాపిడి కుటుంబానిది. దీనికి క్రావడి ఎన్నడూ లేదు. రెండో చోట క్రావడి పెడితే పని తెలిసిన మనిషి వాక్యాన్ని పని తెలియని వాక్యంగా మార్చినట్టవుతుంది.

ధూర్జటి అభిమాని:
వచనానికి ఉన్న కష్టమే ఇది, అక్షరానికి కాపలా ఉండదు. అదే శ్రీకాళహస్తి మీద ధూర్జటి చెప్పిన "ఏ వేదంబు పఠించె లూత" పద్యం చూడండి. రెండో పాదం చివర "చెంచే మంత్ర మూహించె" అన్నచోట 'చెంచే' అంటే 'చెంచు మాత్రమే' అని చెప్పేవారిని విన్నాను. ఆ పాదం "నే విద్యాభ్యసనం" అని మొదలవుతుంది; అక్కడ ఉన్నది "తాను ఏ విద్య" కనుక ఏకారం. పాదం మొదటి అక్షరంతో యతి కలవవలసిన పదమూడో అక్షరం 'చే'. అక్కడ కూడా 'చెంచు ఏ' అని విడదీస్తేనే ఏకారానికి ఏకారం యతి కుదురుతుంది. లూత (సాలీడు), పాము, ఏనుగు, చెంచు: నాలుగు జీవులకూ నాలుగు ప్రశ్నలు! నాలుగోది జారిపోకుండా ఆ వరుస, ఆ యతి కలిసి పట్టుకుని ఉన్నాయి. ఈ పద్యం తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మద్రాసు మాస్టారు:
యతి మాట బాగుంది కాని, వచనంలో విభక్తే కాపలా. పూయడమే అయితే 'రాముడికి నీలం' అనాలి. 'రాముణ్ణి' అన్న ద్వితీయ చిత్రించడానికే చెల్లుతుంది.

వ్రాతపని ఇంటివాడు:
ఆ ద్వితీయ మొదటి వాక్యంలోనే ఉంది, రెండోదానిలో కర్మ లేదు. అమ్మా, అక్కడ మీరు విన్నది 'నీలంగా' అనేనా, 'నీలం' అనా?

తిరుపతి పాఠకురాలు:
మీరు అడిగిన తర్వాత ఆ 'గా' మీద నాకు నమ్మకం పోయింది. 'నల్లగా'కు జోడుగా నేనే చేర్చుకున్నానేమో చెప్పలేను. మిగిలిన అంచును ఇప్పుడే దీపం దగ్గర పెట్టి చూశాను. రెండో పంక్తి చివర 'సేవాడు' స్పష్టంగా ఉంది. దానికి ముందు, పంక్తి కింద, సిరాతో ఒక చిన్న ఒంపు కనిపిస్తోంది. క్రావడి అయితే అది అక్షరానికి ఎడమ పక్కకు ఎక్కాలి. సరిగ్గా అక్కడే కాగితం లేదు.