సమస్యాపూరణం: ఆకులేని చెట్టె యన్నమిచ్చె

ఏటిగట్టు (నిర్వహణ):
ఫాల్గుణం వచ్చింది. అడవిలో నడిస్తే కాళ్ల కింద ఎండుటాకుల చప్పుడే. ఈసారి సమస్య ఆటవెలది పద్యంలో. నాలుగో పాదం నేనిస్తున్నాను, పై మూడూ మీరు రాసి పూరించాలి:

ఆకులేని చెట్టె యన్నమిచ్చె

పాదంలో ఐదు గణాలూ సూర్యగణాలే (గలం లేదా నగణం). యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) ఆ–అ, 'యన్న'లో యకారం ఆగమం, అంటే సంధిలో వచ్చి చేరింది, దానికి లెక్క లేదు. సరళాదేశాలు (నకారం తర్వాత క చ ట త పలు గ జ డ ద బలుగా మారడం) తప్పాయని ఎవరినీ ఆపను. ఒక్కటే షరతు: మీరు కళ్లారా చూసిన చెట్టు మీదే రాయండి.

తంగేడు:
మాఘమాసమందు మంటల వన్నెతో
బూరుగంత నిండి పూచి నిలిచె
చిలుక తేనెపిట్ట చేరె గోరింకలున్
ఆకులేని చెట్టె యన్నమిచ్చె

ఏటిగట్టు:
తంగేడు గారూ, బూరుగ కింద నిలబడి రాసినట్టే ఉంది. ఆ పువ్వు దళసరిగా, గిన్నెలా ఉంటుంది. అడుగున తేనె నిలుస్తుంది కాబట్టి పిట్టలన్నీ అక్కడికే చేరతాయి. ఒక్క చిక్కు. 'గోరింకలున్' అని ద్రుతం (చివరి నకారం) పెడితే తర్వాతి మాట 'నాకులేని' అవుతుంది, సమస్యే మారిపోతుంది. 'గోరింకలు' అని వాక్యం ముగించండి. వాక్యాంతంలో విసంధి (సంధి చేయకుండా వదలడం) దోషం కాదు.

అడవిబాట:
మాది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు. మాకు ఈ సమస్య అంటే ఇప్పచెట్టే.

ఇప్పచెట్టు కింద నెలుగుబంటికి తెల్ల
వారకుండ తీపివాన కురిసె
గంప నిండె పొద్దు గడప దాటకముందె
ఆకులేని చెట్టె యన్నమిచ్చె

ఏటిగట్టు:
'తెల్ల' దగ్గర పాదం విరిగి 'వారకుండ'లో పడటం ఎంత బాగుందో! నిజంగానే ఆ పువ్వులు చీకటితోనే రాలతాయి. ఇప్పపువ్వు వాడిపోయి రాలదు. నిండు రసంతో, లేత మీగడ రంగులో, పూసలాగా పడుతుంది. చేతిలోకి తీసుకుని చూస్తే మధ్యలో కన్నం ఉంటుంది. అందులోని సన్నటి కీలం (పువ్వు మధ్యలోని కాడ) చెట్టు మీదే ఉండిపోతుంది.

పాలపిట్ట:
అన్నా, ఎలుగుబంటి, గంప ఒకే పద్యంలో ఉంటే చదివేవాళ్లకు టెన్షన్ రాదా?

అడవిబాట:
వస్తుంది, రావాలి కూడా. ఇద్దరూ వచ్చేది ఒకే చెట్టు కిందికి, కాస్త అటూ ఇటుగా. అందుకే మా వాళ్లు ఒంటరిగా పోరు, గట్టిగా మాట్లాడుకుంటూ పోతారు. నాకు బాధ కలిగించేది ఇంకొకటి. పువ్వు కనబడాలని కొందరు చెట్టు కింద ఆకు తగలబెడతారు, ఆ నిప్పు అడవిలోకి పాకుతుంది. ఆకు ఊడ్చి ఏరుకోవచ్చు కదా! దాని మీద ఇంకో పద్యం రాస్తాను.

పాలపిట్ట:
నాది వేరే దారి.

పిడుగు పడిన మద్ది బెరడులో పురుగుల
వెదకి టకటకంచు పిట్ట పొడిచె
చచ్చిపోయి కూడ సాకెను కూనల
ఆకులేని చెట్టె యన్నమిచ్చె

తంగేడు:
పూరణ చమత్కారంగా ఉంది. కానీ ఎండిన చెట్టుకు రుతువు ఎక్కడిది?

ఏటిగట్టు:
చెట్టుకు లేకపోయినా పిట్టకు ఉంది. వడ్రంగిపిట్ట గూడు తొలిచే రోజులివి. పి–బె, వె–పి యతులు సరిపోయాయి. 'చచ్చిపోయి కూడ' దగ్గర నేను ఆగిపోయాను, అంత సూటిగా ఉంది. అది మార్చకండి.

కానుగనీడ:
హైదరాబాద్ నుంచి. పద్యం రాయడం ఇదే మొదటిసారి, తప్పులుంటే చెప్పండి మాస్టారూ.

కానుగాకు రాలె కార్తీకమందున
తేనెటీగలొచ్చి తిరుగుచుండె
పూలు చూచి మనసు పులకరించెను నాకు
ఆకులేని చెట్టె యన్నమిచ్చె

ఏటిగట్టు:
అమ్మా, గణాలూ యతులూ అన్నీ కుదిరాయి. మొదటిసారికి ఇది చాలా గొప్ప. చెట్టే కుదరలేదు. యతి కోసం కార్తీకం వచ్చింది కానీ కానుగ ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాల్లో. రాల్చిన కొద్ది రోజులకే లేత చిగురు మెరుస్తూ కమ్మేస్తుంది. పూత ఆ తర్వాతే. కాబట్టి ఆకులేని కానుగకు తేనెటీగలు రావు. మొదటి పాదం 'కానుగాకు రాలి కళ మారె మాఘాన' అంటే సరిపోతుంది కానీ, రెండో పాదం నిలవదు. మూడో పాదం ఏ పువ్వు మీదైనా రాయొచ్చు. మీరు చూసిందేమిటో అందులో లేదు. రేపు పొద్దున్నే ఒకసారి బయటికి వెళ్లి చూసి రండి.

అడవిబాట:
చెల్లెమ్మా, నిరాశ పడొద్దు. నేను రాసిన మొట్టమొదటి పద్యంలో వానాకాలంలో మోదుగ పూసింది!

కానుగనీడ (మూడు రోజుల తర్వాత):
మాస్టారూ, మా కానుగలన్నీ అప్పుడే చిగురేశాయి. ఖాళీ స్థలంలో మోదుగ కనబడింది. అరగంట అక్కడే నిలబడ్డాను.

మోదుగొకటి పూచె ముళ్ళకంచెకు పక్క
ఉడుత తలను దూర్చి యూగుచుండె
పసుపు పుప్పొడంటె పైమీసములనిండ
ఆకులేని చెట్టె యన్నమిచ్చె

తంగేడు:
ఉడుత మీసాలు! నేను ఎన్ని మోదుగలు చూశానో, ఇది ఒక్కసారీ చూడలేదు.

ఏటిగట్టు:
మో–ము, ఉ–యూ, ప–పై. దిద్దడానికి ఏమీ లేదమ్మా. వచ్చే వారానికి తేటగీతి పాదం ఇస్తున్నాను, రావినీ వేపనూ చూస్తూ ఉండండి:

వాన రాకుండ చెట్టుకు వచ్చె చిగురు